సున్నా దగ్గర ముల్లు

మేం చేసేది కాటాలు.
కూరగాయల కొట్టుకీ, రేవుకీ, కాన్పుల గదికీ.
వాలెన్సియా ఊరి చివర, టైర్ల గోదాము వెనక రేకుల షెడ్డు.
నా చోటు ఆఖరి బల్ల.
ఖాళీ పళ్ళెం మీద ముల్లు సున్నాలో నిలుస్తుందో లేదో చూడాలి,
నిలిస్తే అడుగున నా ముద్ర కొట్టాలి, పద్నాలుగో నంబరు.
ఇరవై రెండేళ్ళుగా ఏమీ లేకపోవడాన్ని సరిచూస్తున్నాను.

ఒక శుక్రవారం యజమాని జీతాలు ఎగ్గొట్టి
తాళం వేసి పనామా పోయాడు.
గేటు ముందు డెబ్బై మూడు రోజులు కూర్చున్నాం.
డెబ్బై నాలుగో రోజు నికాసియో
అత్తగారి దగ్గర అరువు తెచ్చిన రంపంతో గొళ్ళెం కోశాడు.
మూడు పళ్ళు విరిగాయి, రంపానివి.
ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

తర్వాత ముద్ర వేసిన కాగితం వచ్చింది: ఫ్యాక్టరీ మీది.
టీవీ వాళ్ళొచ్చారు. ఎర్ర చొక్కాలు పంచారు,
నాది రెండు సైజులు పెద్దది.
ప్రతి బుధవారం సభ.
ఊడ్చే ఒమైరా చెయ్యెత్తితే ఒక ఓటు,
ఇంజనీరు చెయ్యెత్తినా అంతే.
మొదటిసారి లెక్కల పుస్తకం విప్పి బల్ల మీద పెట్టినప్పుడు
పురిటి బిడ్డ చుట్టూ మూగినట్టు మూగాం,
ముట్టుకోడానికి భయం.
అందులో యజమాని కుక్క వైద్యానికి రాసిన ఖర్చు
నా ఏడాది జీతం.

ఇప్పుడు కరాకస్ నుంచి ఒక యూనివర్సిటీ కుర్రాడొచ్చాడు.
గెలిచిందా ఓడిందా, ఒక్క మాటలో చెప్పమంటాడు.

నికాసియో అన్నాడు:
చమురు ధర పడింది. బయటివాళ్ళు స్ప్రింగులు రానివ్వలేదు.
గొంతు నులుముతూ, పాట బాలేదంటే ఎట్లా?

మైగ్వాలిదా చెంచా కింద పెట్టింది:
స్ప్రింగులు అంతకు ముందే ఆగాయి.
ఉక్కు మిల్లు మనదే, మంత్రీ మనవాడే,
పదకొండు ఉత్తరాలు ఈ చేత్తో రాశాను.
ఉక్కు రాలేదు, మేనేజరొచ్చాడు.
మనం ఓటేసి పంపించేస్తే
మళ్ళీ వచ్చాడు, ఇద్దరు గార్డుల్ని వెంటేసుకుని.

మీ అమ్మ సంతకం నేర్చింది ఎవరి హయాంలో?

నేర్చింది. అరవై ఒకటో ఏట నేర్చింది.
ఆ సంతకం పెట్టిన మందుల చీటీ పట్టుకుని
ఆరు దుకాణాలు తిరిగింది.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
కుర్రాడు పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

నేను చెప్పలేదు గానీ, నోట్లు లెక్కపెట్టడం మానేసిన ఏడు
నాకు గుర్తొచ్చింది.
చీజు కొట్టువాడు చీజు తూచి, తీసి,
అదే పళ్ళెంలో నా నోట్ల కట్టలు పెట్టాడు.
ఇంకో రెండు వందల గ్రాములు వెయ్యమ్మా అన్నాడు.
వంగి చూశాను. మా కాటానే.
పద్నాలుగో నంబరు.
ముల్లు ఎంత నిజాయితీగా ఆగిందో!
ఆ ఏడు మాకు ఆర్డర్లు పెరిగాయి,
ఎవరికీ చెప్పుకోలేదు.

అబ్బాయ్, పళ్ళెం మీంచి చెయ్యి తీశాకే తూకం చదవాలి.
మా చేతులింకా పళ్ళెం మీదే ఉన్నాయి.
అరవై మందిలో పదకొండు మందివి,
అయినా బరువే.

కరెంటు పోయింది. బుధవారం కదా,
కొవ్వొత్తి పెట్టి సభ మొదలెట్టాం.
మొదటి అంశం, కప్పు రేకుల తుప్పు. వాయిదా.
రెండోది, స్ప్రింగులు. పన్నెండో ఉత్తరం, మైగ్వాలిదానే రాస్తానంది.
మూడోది ఒమైరా తెచ్చింది:
నికాసియో అత్తగారికి సంస్థ ఖర్చుతో కొత్త రంపం.
అనుకూలం పది.
వ్యతిరేకం ఒకటి, నికాసియో.
ఆవిడకి అడగడానికి ఇంకేం మిగులుతుందట.